క్లిక్కర్‌తో కుక్కపిల్లకు తొలి పాఠాలు

క్లిక్కర్ అరచేతిలో ఇమిడిపోయే చిన్న ప్లాస్టిక్ డబ్బీ. లోపల వంపు తిరిగిన ఉక్కురేకు ఉంటుంది. బొటనవేలితో నొక్కి వదిలితే ‘టిక్-టక్’ అని పొడిగా మోగుతుంది. కొత్తగా ఇంటికి వచ్చిన కుక్కపిల్లకు ఈ చప్పుడుతో ఏ సంబంధమూ లేదు. అయితే చప్పుడైన ప్రతిసారీ నోటికి తాయిలం అందుతూ ఉంటే త్వరలోనే దానికి ఒక అర్థం ఏర్పడుతుంది: ఇప్పుడు చేసిన పని బాగుంది, దానికి ప్రతిఫలం వస్తోంది. పుల్లఐసు బండి గంటలో తీపి ఏమీ ఉండదు. అయినా ఆ గంట వినగానే పిల్లలు వీధిలోకి పరుగెత్తుతారు. కుక్కపిల్లకు క్లిక్కర్ చప్పుడు అలాంటిదే.

ఈ చప్పుడు ఆజ్ఞ కాదు, పిలుపూ కాదు. కుక్కను దగ్గరికి రప్పించడానికో, దాని చూపు మరల్చడానికో క్లిక్కర్ నొక్కకూడదు. సరైన పని జరిగిన క్షణాన్ని గుర్తుపట్టి చెప్పడమే దాని పని. కుక్కపిల్ల కూర్చుంటుంది, యజమాని జేబులో చెయ్యి పెట్టి తాయిలం తీసేలోపు లేచి మోకాళ్ల మీదికి ఎగురుతుంది, తాయిలం అప్పుడు నోట్లో పడుతుంది. యజమాని లెక్కలో అది కూర్చున్నందుకు, కుక్కపిల్ల లెక్కలో ఎగిరినందుకు. పిరుదులు నేలకు ఆనిన క్షణంలోనే క్లిక్ వినిపిస్తే ఈ తికమక ఉండదు. తాయిలం ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైనా అది ఏ పనికి దక్కిందో కుక్కపిల్లకు తెలుస్తుంది. ‘భేష్’ అన్న మాటతోనూ ఇదే పని చేయించవచ్చు. కానీ మనిషి గొంతు కోపాన్ని బట్టి, అలసటను బట్టి మారుతుంది. క్లిక్ ఎవరు నొక్కినా, ఎప్పుడు నొక్కినా ఒక్కలాగే ఉంటుంది.

పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లుల మీద జరిపిన ప్రయోగాలను ప్రచురించాడు. గడియ ఉన్న పెట్టెలో పిల్లిని ఉంచి బయట ఆహారం పెడితే, మొదట అది గోళ్లతో అన్నిచోట్లా గీరి, అనుకోకుండా గడియ తీసింది. మళ్లీ మళ్లీ పెట్టగా పనికిరాని ప్రయత్నాలు తగ్గిపోయి, గడియ తీసే పని మాత్రం మిగిలింది. మంచి ఫలితం ఇచ్చిన పని స్థిరపడుతుందన్న ఈ సూత్రాన్ని బి.ఎఫ్. స్కిన్నర్ 1930లలో ఎలుకలతో, తర్వాత పావురాలతో విస్తృతంగా పరీక్షించాడు. 1951లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాసిన వ్యాసంలో, పిల్లలు ఆడుకునే టిక్‌టిక్ బొమ్మ చప్పుడుతో, కాస్త ఆహారంతో ఇంట్లోని కుక్కకు ఎవరైనా పాఠాలు నేర్పవచ్చని వివరించాడు.

స్కిన్నర్ శిష్యులైన కెల్లర్ బ్రీలండ్, మేరియన్ బ్రీలండ్ దంపతులు 1940లలోనే ఈ పద్ధతిని ప్రయోగశాల దాటించి, ప్రదర్శనల కోసం రకరకాల జంతువులకు శిక్షణ ఇచ్చారు. కుక్కల శిక్షకుల్లో మాత్రం అది వెంటనే పాకలేదు. గొలుసు లాగి దారికి తెచ్చే అలవాటే చాలాకాలం సాగింది. మార్పు సముద్ర జీవుల వైపు నుంచి వచ్చింది. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయడం కుదరదు, కొడదామంటే ఈదుకుంటూ వెళ్లిపోతుంది. ఈల, చేప తప్ప శిక్షకుడి చేతిలో మరో సాధనం లేదు. 1960లలో హవాయిలోని సీ లైఫ్ పార్క్‌లో డాల్ఫిన్‌లకు నేర్పిన కరెన్ ప్రయర్ ఆ అనుభవాన్ని 1984లో ‘డోంట్ షూట్ ద డాగ్’ అనే పుస్తకంగా రాసింది. 1990లలో ఆమె, మరికొందరు శిక్షకులు సదస్సులు నిర్వహించాక క్లిక్కర్ సామాన్య యజమానుల చేతికి చేరింది.

ప్రతిఫలం, దండన

మనోవిజ్ఞానం పాఠ్యపుస్తకాలు ఈ సూత్రాన్ని సానుకూల పునర్బలనం అంటాయి. ఒక పని తర్వాత ఇష్టమైనది చేరి, దానివల్ల ఆ పని పెరిగితే అది సానుకూల పునర్బలనం. పెరగడమే దీనికి కొలత. యజమాని బహుమతి అనుకున్నది కుక్కపిల్లకు బహుమతి కాకపోవచ్చు. ఆడుకుంటున్న పిల్లను ఆపి తల నిమిరితే కొన్ని పక్కకు తప్పుకుంటాయి. తిట్టు అనుకున్నది బహుమతి కావచ్చు. మొరిగినప్పుడల్లా ఇంట్లో వాళ్లంతా దాని వైపు తిరిగి ‘ఊరుకో’ అని కేకలేస్తే, ఒంటరిగా విసిగిపోయిన పిల్లకు అంతమంది పలకరించినట్టే. మొరుగుడు పెరుగుతుంది.

శిక్షణ గంటలోనే కాదు, ఇంట్లో రోజంతా ఈ సూత్రం పనిచేస్తూనే ఉంటుంది. యజమాని తెలిసి నేర్పేది కొంత, తెలియకుండా నేర్పేది అంతకన్నా ఎక్కువ. క్లిక్కర్ పట్టుకున్న మనిషికి అబ్బే మొదటి గుణం ఈ తేడాను గమనించే చూపే.

కుక్కపిల్ల ఇంట్లో మూత్రం పోస్తే ముక్కు పట్టి దానికి రాయడం, చుట్టిన పేపరుతో కొట్టడం చాలా ఇళ్లలో కనిపించే పనులు. పని జరిగిన కొంతసేపటికి పడిన దెబ్బను పిల్ల ఆ పనితో ముడిపెట్టదు. ఎదురుగా ఉన్న మనిషితో ముడిపెడుతుంది. అక్కడికక్కడే పడితే, మనిషి చూస్తుండగా పోయకూడదని నేర్చుకుని సోఫా వెనక్కి, మంచం కిందికి వెళ్లి పోస్తుంది. భయపడిన కుక్క కరవడానికి కూడా అవకాశం ఎక్కువ. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో వెలువరించిన ప్రకటనలో, అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతులే వాడాలని, నొప్పి, భయం కలిగించే పద్ధతులు వద్దని సూచించింది.

బహుమతి పద్ధతి అంటే అన్నీ చెల్లనివ్వడం కాదు. మీదికి ఎగిరే పిల్ల వైపు చూడకుండా వెనుదిరగడం, గట్టిగా పళ్లు దింపితే ఆట ఆపేయడం ఇందులో భాగమే. కావలసినది కాసేపు దొరకదు, అంతే, దెబ్బ ఉండదు.

వయసు, సన్నాహం

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశంలోని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లల మధ్య గడిపే ఆ రోజుల్లోనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది ఏడుస్తుందో పిల్ల నేర్చుకుంటుంది. ఇంటికి వచ్చిన రెండు మూడు రోజులకే పాఠాలు మొదలుపెట్టవచ్చు. ఆరు నెలలు నిండేదాకా ఆగితే, అప్పటికే కట్టుకున్న అలవాట్లను మాన్పించే పని అదనంగా మీద పడుతుంది.

మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల కొత్త మనుషులను, చప్పుళ్లను సులభంగా అంగీకరిస్తుంది. టీకాలు పూర్తికాని రోజులూ ఇవే. పార్వో వంటి వ్యాధుల భయం ఉంది కాబట్టి వీధికుక్కలు తిరిగే నేల మీద వదలకూడదు. అలాగని నాలుగు గోడల మధ్య దాచకూడదు. చేతుల్లో ఎత్తుకుని ఆటోలు, స్కూలు పిల్లలు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు కనిపించేలా నిలబడవచ్చు. ఇంట్లో కుక్కర్ విజిల్, మిక్సీ, కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా ఒక తాయిలం వేస్తే ఆ చప్పుళ్లు మంచికే వస్తాయని పిల్ల నమ్ముతుంది. దీపావళికి ముందే టపాసుల చప్పుడు రికార్డింగును చాలా తక్కువ శబ్దంతో వినిపిస్తూ, తాయిలం ఇస్తూ, రోజులు గడిచేకొద్దీ శబ్దం పెంచడమూ ఇదే దారి.

తాయిలం శనగగింజంత ఉంటే చాలు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, పనీర్, క్యారెట్ ముక్కలు బాగుంటాయి. రోజూ తినే గింజల మేత నుంచే కొంత పక్కకు తీసి వాడవచ్చు. తాయిలాలన్నీ కలిపి రోజు ఆహారంలో పదో వంతు దాటకూడదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ కలిసిన చూయింగ్ గమ్ కుక్కలకు విషం. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి అరుదు కాబట్టి కూర ముక్కలు పెట్టకపోవడమే మేలు. పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. రోజుకు మూడు నాలుగుసార్లు, భోజనానికి ముందు, చల్లటి వేళల్లో పెట్టుకోవాలి. పిల్ల ఇంకా కావాలనుకుంటున్నప్పుడే ముగించాలి.

మొదటి పాఠం: చప్పుడుకు అర్థం

టీవీ, జనం లేని గదిలో కూర్చుని క్లిక్ నొక్కాలి. వెంటనే తాయిలం ఇవ్వాలి. పిల్ల ఏ పనీ చేయనక్కర్లేదు. ఇలా పది పదిహేనుసార్లు చేశాక, అది వేరే వైపు చూస్తున్నప్పుడు నొక్కి చూడాలి. చటుక్కున తల తిప్పి తాయిలం కోసం చూస్తే అర్థం కుదిరినట్టే. ముందు చప్పుడు, తర్వాత చెయ్యి కదలాలి. చెయ్యి ముందే తాయిలాల సంచి వైపు కదిలితే పిల్ల చెయ్యినే చూస్తుంది, చప్పుడు వినదు. చప్పుడుకు బెదిరే పిల్ల దగ్గర క్లిక్కర్‌ను రుమాలులో చుట్టి నొక్కవచ్చు, లేదా బాల్‌పెన్ మీట చప్పుడు వాడవచ్చు. చెవి దగ్గర పెట్టి ఎప్పుడూ నొక్కకూడదు. చెవులు వినిపించని పిల్లకు చప్పుడు బదులు బొటనవేలు ఎత్తి చూపే సైగ పనికొస్తుంది.

ఇక్కడి నుంచి తప్పకూడని నియమాలు మూడు. ఒక పనికి ఒకే క్లిక్. క్లిక్ అయితే తాయిలం ఖాయం. పొరపాటున నొక్కినా ఇవ్వాల్సిందే. పిల్లల చేతికి క్లిక్కర్ ఆటబొమ్మగా ఇవ్వకూడదు, ఎందుకంటే ప్రతిఫలం లేని చప్పుడు నాలుగు రోజుల్లో విలువ పోగొట్టుకుంటుంది.

రెండో పాఠం: కూర్చోవడం

ఒక పనిని రాబట్టడానికి మూడు దారులున్నాయి. పిల్ల తనంతట తాను కూర్చునేదాకా వేచి ఉండి ఆ క్షణంలో క్లిక్ చేయడం ఒకటి. తాయిలం చూపించి ఆ భంగిమలోకి నడిపించడం రెండోది. పూర్తి పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకూ క్లిక్ చేస్తూ పోవడం మూడోది. కూర్చోవడానికి రెండో దారి సులువు. తాయిలాన్ని ముక్కు దగ్గర పెట్టి, నెమ్మదిగా నుదుటి మీదుగా వెనక్కి జరపాలి. తల పైకి లేస్తే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. పిరుదులు నేలను తాకగానే క్లిక్, తాయిలం. నడుము పట్టి నొక్కడం అనవసరం. నొక్కితే పిల్ల ఎదురు తంతుంది.

నాలుగైదుసార్లు అయ్యాక ఖాళీ చేత్తో అదే సైగ చేయాలి. తాయిలం రెండో చేతి నుంచో సంచి నుంచో రావాలి. ఇది వాయిదా వేస్తే చేతిలో తిండి కనిపిస్తేనే కూర్చునే కుక్క తయారవుతుంది. సైగకు నమ్మకంగా కూర్చుంటున్నప్పుడు మాట చేర్చాలి: ముందు ‘కూర్చో’, ఒక క్షణం ఆగి సైగ. కొద్ది రోజులకు సైగ లేకుండానే మాట పనిచేస్తుంది. ఒకరు ‘కూర్చో’, ఒకరు ‘సిట్’, ఇంకొకరు ‘బైఠో’ అనే ఇంట్లో పిల్లకు ఒక పాఠం మూడవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే మాట అనుకుని వాడాలి. ఒకసారే అనాలి, పదిసార్లు అంటే పదోదానికే కూర్చోవాలని నేర్చుకుంటుంది.

హాల్లో నేర్చుకున్నది లిఫ్ట్ దగ్గర రాకపోవడం మొండితనం కాదు. కుక్కకు చోటు మారితే పాఠం కొత్తదే. ప్రతి కొత్త చోటా మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే, ప్రతిసారీ ఇంకాస్త తొందరగా వస్తుంది. దూరం, ఎంతసేపు అన్నది, చుట్టూ ఉన్న సందడి, ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే పెంచాలి. పదింటిలో ఎనిమిదిసార్లు సరిగా చేస్తే తర్వాతి మెట్టు ఎక్కవచ్చు. సగం తప్పుతుంటే ఒక మెట్టు దిగాలి.

రోజువారీ అవసరాలు

పిలిస్తే రావడం ప్రాణం కాపాడే పాఠం. రెండడుగుల దూరం నుంచి పేరు పిలిచి ‘రా’ అనాలి. అడుగు ఇటు వేయగానే క్లిక్, దగ్గరికి వచ్చాక అన్నిటికన్నా రుచికరమైన తాయిలం. తిట్టడానికి, మందు మింగించడానికి ఆ మాటతో పిలవకూడదు. అలాంటప్పుడు మనిషే వెళ్లి తెచ్చుకోవాలి. గేటు, రోడ్డు ఉన్నచోట పాఠం ముదిరేదాకా పొడవాటి తాడు ఉండాల్సిందే.

మల మూత్రాల విషయంలో సమయమే సగం పాఠం. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే పిల్లను నిర్ణీత చోటికి తీసుకుపోవాలి. అపార్ట్‌మెంట్‌లో అది బాల్కనీలోని ట్రే కావచ్చు. ఎన్ని నెలల పిల్ల అయితే అన్ని గంటలకు ఒక గంట కలిపి, పగలు అంతకు మించి ఆపుకోలేదని ఉజ్జాయింపు లెక్క. పని పూర్తయ్యాకే క్లిక్ చేయాలి. మధ్యలో చేస్తే తాయిలం కోసం సగంలో లేచి వస్తుంది. లోపల పోసినచోట వాసన పూర్తిగా పోయేలా ఎంజైమ్ క్లీనర్‌తో తుడవాలి. అమోనియా ఉన్న ద్రావకాలు మూత్రం వాసనను గుర్తుచేసి మళ్లీ అక్కడికే రప్పిస్తాయి.

కొరకడం పిల్లల సహజగుణం. పాలపళ్లు 28 ఉంటాయి. నాలుగో నెల ప్రాంతంలో ఊడడం మొదలై, ఆరు ఏడు నెలలకు 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ రోజుల్లో చిగుళ్లు సలుపుతాయి కాబట్టి నమిలే బొమ్మలు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చెయ్యి వదిలి బొమ్మ పట్టిన క్షణం క్లిక్ చేయాలి. పిల్ల పన్ను చర్మాన్ని చీల్చితే, చిన్న గాటు అయినా, సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించాలి. రేబిస్ విషయంలో ఉపేక్ష పనికిరాదు.

పట్టీతో నడిపేటప్పుడు, మెడ మీద భారం పడని హార్నెస్ మంచిది. పట్టీ వదులుగా ఉన్న ప్రతిసారీ క్లిక్ చేసి, తాయిలాన్ని మోకాలి పక్కనే ఇవ్వాలి. తాయిలం ఎక్కడ దొరికితే కుక్క అక్కడే నడుస్తుంది. లాగితే కదలకుండా నిలబడిపోవాలి. లాగిన ప్రతిసారీ యజమాని వెంట నడిస్తే, లాగుడుకు ముందుకు పోవడమనే బహుమతి దక్కుతుంది. వేసవిలో తారురోడ్డు మీద చేతి వెనుక భాగాన్ని కొన్ని సెకన్లు ఆనించి చూడాలి. మన చేతికి ఓర్వలేనిది దాని పాదాలకూ కాలుతుంది.

చుట్టాలు రాగానే ఎగిరే పిల్లకు ‘ఎగరవద్దు’ నేర్పడం కష్టం, ‘కూర్చో’ నేర్పడం సులువు. తలుపు తీసేముందు కూర్చోబెట్టి, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నంతసేపూ క్లిక్ చేస్తూ ఉండాలి. వచ్చినవాళ్లకూ ఎగిరితే పలకరించవద్దని ముందే చెప్పాలి. ఒక్కరు ముద్దు చేసినా పాఠం వెనక్కి పోతుంది.

చిక్కులు

ఇన్నాళ్లూ ఫలించిన పని ఒక్కసారిగా ఫలించకపోతే, తగ్గేముందు అది ఒక ఊపు ఊపుతుంది. భోజనాల దగ్గర ముద్ద పెట్టడం మానేసిన ఇంట్లో మొదటి రోజులు కూనిరాగం ఏడుపవుతుంది, ఏడుపు మొరుగుడవుతుంది. ఆ తారస్థాయిలో జాలిపడి నానమ్మ ఒక ముద్ద విసిరితే, కూనిరాగం చాలదు, గట్టిగా మొరగాలి అని నేర్పినట్టు అవుతుంది. భోజనవేళ పిల్లకు వేరేచోట చాప వేసి, దాని మీద పడుకున్నందుకు క్లిక్ చేయడం ఇంకా తేలిక దారి.

పుట్టుకతో వచ్చిన గుణాలను బహుమతి పూర్తిగా మార్చలేదు. బ్రీలండ్ దంపతులు 1961లో ప్రచురించిన వ్యాసంలో, నాణేన్ని డబ్బాలో వేయడం నేర్పిన రకూన్‌లు దాన్ని వదలకుండా చేతుల్లో రుద్దుతూ కూర్చున్నాయని రాశారు. అది వాటికి ఆహారాన్ని పట్టుకున్నప్పుడు వచ్చే సహజ చర్య. కంటితో చూసి వేటాడేందుకు పెంచిన రాజపాళయం, ముధోల్ హౌండ్ జాతుల పిల్లకు ఉడుత కనిపిస్తే చికెన్ ముక్క గుర్తురాదు. అలాంటి పిల్ల ఒక్కసారి యజమాని వైపు చూడగానే క్లిక్ చేసి, బంతి విసిరి తరమనివ్వడమే సరైన ప్రతిఫలం.

తిండిగిన్నె దగ్గర గుర్రుమనడం, ఉన్నట్టుండి ప్రవర్తన మారడం, ముట్టుకుంటే కరవబోవడం పాఠాలతో తీరే చిక్కులు కావు. నొప్పో జబ్బో ఉందేమో పశువైద్యుడు ముందు చూడాలి.

క్లిక్కర్‌ను పక్కన పెట్టడం

క్లిక్కర్ కొత్త పనిని నేర్పే సాధనం, బతుకంతా మోయాల్సింది కాదు. ఒక పని మాటకు, వేర్వేరు చోట్ల, సందడి మధ్య కూడా జరుగుతుంటే ఆ పనికి క్లిక్ అవసరం తీరినట్టే, ‘భేష్’ చాలు. తాయిలాన్ని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. మొదట రెండింటికి ఒకటి, తర్వాత మూడుకో ఐదుకో ఒకటి, ఎప్పుడొస్తుందో తెలియకుండా ఇస్తే పని ఇంకా గట్టిపడుతుంది. మిగతాసార్లు రోజువారీ సుఖాలే ప్రతిఫలం కావచ్చు: కూర్చుంటే తలుపు తెరుచుకుంటుంది, ఆగితే గిన్నె కిందికి దిగుతుంది, పిలిస్తే వచ్చినందుకు మళ్లీ ఆడుకోనిస్తారు. కొత్త పాఠం ఎత్తుకున్నప్పుడు, లేదా కొత్త ఇంటికి మారి పాత పాఠం సడలినప్పుడు క్లిక్కర్‌ను మళ్లీ బయటికి తీసి, మొదటి మెట్టు నుంచి అదే క్రమంలో సాగాలి.